అనంతపురంలో 30 ఇళ్ల అపార్టుమెంటు: తిండికి చోటు ఎక్కడ, ఎలా?

మట్టిగోడ (అనంతపురం) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్ట్‌ని. ఊరి శివార్లలో 30 ఇళ్ల అపార్టుమెంటుకు ప్లాను గీస్తున్నా. స్థలం ఓనరుది వ్యవసాయ కుటుంబం. "పైన మిద్దె, కింద చుట్టూ వదిలే జాగా నీ ఇష్టం తల్లీ. తిండి పండేలా ఏమన్నా చెయ్యి. కానీ అయిదేండ్ల తర్వాత కూడా పనికొచ్చేలా ఉండాల" అన్నారు. ఇలా అడిగే ఓనర్లు దొరకడం చాలా అరుదు.

మన ఊరి చుట్టూ చీనీ (బత్తాయి) తోటలు, చెనక్కాయ (వేరుశనగ) చేలు. బుక్కరాయసముద్రం చెరువు కింద ఆయకట్టు ఊరికి ఆనుకునే ఉంది. అయినా మనం కట్టే ఇళ్లలో తిండికి మిగిలిన చోటు వంటగది గట్టు ఒక్కటే. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి చోటు ఉండదు. ఊరి నుంచి అమ్మానాన్న బియ్యం మూట తెస్తే దించే చోటు ఉండదు. రైతు కూరగాయలు తెచ్చి అమ్ముదామంటే గేటు బయట ఎండలో నిలబడాలి, ఎందుకంటే ప్లానులో ఆయన కోసం ఒక్క గీత కూడా గీసి ఉండదు. పట్నం వాళ్లకు పంట మీద ధ్యాస లేదని అందరూ అంటారు. నాకైతే ఆ ధ్యాస కలగడానికి ఇంట్లో చోటే లేదనిపిస్తుంది.

బరువు, నీళ్లు, ఎండ, నిర్వహణ, ఏ సంగతైనా సరే, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఫొటోల్లో బాగుండే పచ్చగోడలు నాకు వద్దు.

---

పిల్లర్_టు_పిల్లర్ (కడప) | ఆదివారం, రాత్రి 10:25

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ముందు బరువు సంగతి తేల్చుకుంటే మిగతావి మాట్లాడుకోవచ్చు మేడమ్.

మనుషులు ఎక్కే మిద్దెకు, భవనాల మీద పడే బరువుల లెక్కకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు లెక్క కడతాం. అంటే దాదాపు 150 కిలోలు. తడిసిన మట్టి అడుగు మందం పరిస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోలు దాటుతుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా మట్టి పోసి మునగ చెట్టు పెడితే, 300 కిలోలకు పైన బరువు రెండడుగుల గుండ్రంలో కూర్చుంటుంది. పాత ఇళ్ల మీద ఇష్టానుసారం మడులు కట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్.

మీది కొత్త కట్టడం కాబట్టి ఇప్పుడే నిర్ణయించుకోండి. మిద్దె మొత్తాన్ని బలంగా కట్టాల్సిన పనిలేదు. స్తంభాల వరసల మీద, దూలాల వెంబడి మడుల పట్టీలు అనుకుని, అక్కడికి మాత్రమే చదరపు మీటరుకు 5, 6 కిలోన్యూటన్లు లెక్క వేయించండి. స్లాబ్ మధ్య భాగం నడవడానికి, ఎండబెట్టుకోవడానికి వదిలేయండి. డ్రాయింగులో ఆ పట్టీలను రంగుతో చూపించి, దాని కాపీ ఒకటి అసోసియేషన్‌కు ఇవ్వండి. పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు ఏది ఎక్కడ పెట్టొచ్చో తెలియాలి కదా.

మట్టిలో కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. తొట్లను నేరుగా స్లాబ్ మీద పెట్టొద్దు. ఇటుక దిమ్మెలు, వాటి మీద కడప బండ, దాని మీద తొట్టి. కింద చీపురు దూరేంత సందు ఉండాలి. నీళ్లు నిలవకుండా నూటికి ఒకటి వాలు, వాటర్‌ప్రూఫింగ్ పైన వేర్లు దూరకుండా ఒక పొర. ఈ పొర ఖర్చు దగ్గర మాత్రం బేరాలు వద్దు.

---

మిద్దెతోట_కర్నూలు | సోమవారం, ఉదయం 6:15

పైన సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను మూడో అంతస్తు మిద్దె మీద కూరగాయలు పండిస్తా. మన సీమలో మిద్దె తోట అంటే అసలు పరీక్ష ఎండతోనే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం స్లాబ్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ వేడికి తొట్టిలో వేర్లు ఉడికిపోతాయి. కాబట్టి మేడమ్, షేడ్ నెట్ కట్టుకోవడానికి ఇనుప కొక్కేలు, పైపు దిగే రంధ్రాలు పిట్టగోడలోనే ముందుగా పెట్టించండి. తర్వాత డ్రిల్లు వేస్తే అక్కడినుంచే చెమ్మ మొదలవుతుంది.

వేసవిలో నెట్ కింద తోటకూర, గోంగూర, బచ్చలి నిలబడతాయి. కరివేపాకు, మునగ ఎలాగూ ఉంటాయి. జూన్, జూలైలో తొలకరి పడగానే బీర, సొర, కాకర. టమోటా, మెంతికూర, కొత్తిమీరకు అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. ఏడాది పొడవునా అన్నీ కావాలనుకుంటే విసుగొచ్చి మానేస్తారు. ఏ కాలానికి ఆ కూర తినడం అలవాటు చేసుకోవాలి.

ఇంకొక సంగతి. మిద్దె ఎత్తు పెరిగేకొద్దీ తేనెటీగలు తక్కువ వస్తాయి. సొర పువ్వు సాయంత్రం పూట తెల్లగా విచ్చుకుంటుంది. ఆడపువ్వు వెనక చిటికెనవేలంత బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకు ఒట్టి కాడే. మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. నాలుగైదు రోజుల్లో ఆ పిందె లావెక్కితే నిలబడినట్టు, పసుపు రంగుకు తిరిగితే రాలిపోతుంది. మా పక్కింటి పిల్లలు రోజూ సాయంత్రం ఈ పనికే పైకొస్తారు. ఇది చీకటి పడే వేళ పని కాబట్టి మెట్ల దగ్గర, మడుల దగ్గర మంచి లైట్లు, పైన ఒక కుళాయి, చేతులు కడుక్కునే చోటు, పనిముట్ల గది పెట్టండి. కుళాయి లేక బకెట్లు మోసి మోసి తోటలు వదిలేసిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

---

బి_బ్లాక్_సెక్రటరీ (అనంతపురం) | సోమవారం, ఉదయం 8:50

మీ ఉత్సాహం బాగుంది గానీ, అసోసియేషన్ నడిపేవాడిగా కొన్ని నిజాలు చెప్పాలి. మా అపార్టుమెంటులో నలుగురైదుగురు కుండీలు పెట్టారు. పై అంతస్తు వాళ్ల పడకగదిలో చెమ్మ దిగింది. అది కుండీల వల్లో, పాత పగుళ్ల వల్లో ఇప్పటికీ తేలలేదు గానీ మాటలు మాత్రం ఆగిపోయాయి. సెలవుల్లో ఊరికెళ్తే నీళ్లు ఎవరు పోయాలి? ట్యాంకర్ నీళ్లు కొనే రోజుల్లో మొక్కలకు నీళ్లేంటని తిట్టేవాళ్లకు ఏం చెప్పాలి? కాసిన నాలుగు కాయలు ఎవరివి?

1987 అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మిద్దె అందరి ఉమ్మడి జాగా. ఒక్కరి ఇష్టంతో అక్కడ ఏదీ జరగదు. మీరు కట్టేసి వెళ్లిపోతారు మేడమ్, రోజూ సర్దుకోవాల్సింది మేము. దానికి జవాబు ప్లానులో ఉంటే చెప్పండి, సంతోషంగా ఒప్పుకుంటా.

---

మట్టిగోడ | సోమవారం, మధ్యాహ్నం 1:30

సెక్రటరీ గారూ, ఈ ప్రశ్నల కోసమే ఇక్కడ అడిగింది. నీళ్ల సంగతి లెక్క వేశాను, చూడండి.

అనంతపురం సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అంత వాన పడితే దాదాపు 51 వేల లీటర్లు. ఆవిరి, పొర్లుడు పోగా 40 వేలు చేతికొస్తాయి. 20 లీటర్ల తొట్టికి వేసవిలో రోజుకు 2 లీటర్లు చాలనుకుంటే, 200 తొట్లకు 400 లీటర్లు. వంద రోజుల వేసవికి 40 వేలు. అంటే వెయ్యి అడుగుల మిద్దె నీళ్లు దాచుకుంటే 200 తొట్లు వేసవి దాటతాయి, ట్యాంకర్ అవసరం లేకుండానే. దానికి 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు సంపు కావాలి. పార్కింగ్ కింద పడుతుంది. ఆ నీటికి వేరే మోటారు, వేరే మీటరు పెడతా. తాగే నీళ్లతో పోటీ ఉండదు, గొడవకు తావుండదు.

---

పిల్లర్_టు_పిల్లర్ | సోమవారం, మధ్యాహ్నం 2:05

లెక్క సరిపోయింది. ఒక్క జాగ్రత్త: ఆర్వో మిషన్ల నుంచి వదిలేసే నీళ్లను ఆ సంపులో కలపొద్దు. మన బోరు నీళ్లలో అసలే ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ. ఆర్వో వదిలే నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. తొట్టి మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది. ఇల్లు తుడవడానికి, టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోవచ్చు.

---

ప్రొద్దుటూరు_వాడిని (సింగపూర్) | సోమవారం, రాత్రి 7:20

ఇక్కడ కంపుంగ్ అడ్మిరాల్టీ అనే భవనం ఉంది. 2017లో పూర్తయింది, 2018లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో ఆ ఏటి ఉత్తమ భవనంగా ఎంపికైంది. కింద బహిరంగ ప్రాంగణం, దాని పైన తిండి అంగళ్లు, ఆ పైన వైద్య కేంద్రం, వృద్ధుల కోసం వందకు పైగా ఇళ్లు. మెట్లు మెట్లుగా దిగే మిద్దెల మీద కూరగాయల తోట. ఆ తోటను అక్కడ ఉండే పెద్దవాళ్లే చూసుకుంటారు. సెక్రటరీ గారు అడిగిన "ఎవరు చూడాలి" అన్నదానికి అక్కడ దొరికిన జవాబు ఇది: తీరిక ఉన్నవాళ్ల ఇళ్లకు దగ్గరగా తోట ఉండాలి.

బ్యాంకాక్ దగ్గర తమ్మసాత్ యూనివర్సిటీ మిద్దె కూడా చూడండి. 2019లో తయారైంది, 22 వేల చదరపు మీటర్లు. కొండవాలు వరిమడుల్లాగా అంచెలంచెలుగా కట్టారు. పై మడిలో పడిన వాన కింది మడికి దిగుతూ చివర చెరువుల్లో చేరుతుంది. పండింది క్యాంపస్ క్యాంటీన్లకే పోతుంది.

అయితే హంగు చూసి మోసపోవద్దు. గదుల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద ఆకుకూరలు పెంచే అమెరికా కంపెనీ ఏరోఫామ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది. సింగపూర్ కూడా 2030 కల్లా 30 శాతం తిండి సొంతంగా పండించాలని 2019లో పెట్టుకున్న లక్ష్యాన్ని 2025లో మార్చుకుంది. ఇలాంటి సాగుకు కరెంటు ఖర్చు పెద్ద భారం. మనకు ఎండ ఊరికే వస్తోంది, దాన్ని వాడుకునేలా గీయండి.

---

జమ్మలమడుగు_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:00

అమ్మా, సింగపూర్, బ్యాంకాక్ సంగతులు తెలుసుకోవాల్సిందే. కానీ మన పాత ఇళ్లను కూడా ఒకసారి లోపలికెళ్లి చూడు.

రాతి గోడల మీద దూలాలు, దంతెలు, వాటి మీద కంప, మట్టి, అన్నిటికన్నా పైన చవుడు (చౌడు మట్టి). ఆ చవుడు మిద్దె మీదే చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, వడియాలు అన్నీ ఎండేవి. పక్కపక్క మిద్దెలు కలిసి ఉండేవి, ఒకరి మిద్దె మీదినుంచి ఇంకొకరి మిద్దె మీదికి నడిచిపోయేవాళ్లం. వాన మబ్బు పడితే ఎవరి పంట అని చూడకుండా అందరూ కలిసి ఎత్తేవాళ్లు. లోపల వెలుతురుకు గవాక్షి. ఒక పక్క ఎద్దులకు గాడి. పెరట్లో జాలాది (స్నానాల చోటు) నీళ్లు పారే చోట అరటి, కరివేపాకు.

ఇక పాతర. ఇంటి ముందో, వీధిలోనో నిలువు గుంత తవ్వి, లోపల గోడలకు గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పేవాళ్లు. కరువొస్తే అదే దిక్కు. పాతర తెరిచిన వెంటనే లోపలికి ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. లోపల చెడుగాలి ఉంటుంది, ప్రాణాలు పోతాయి. మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి, అది ఆరిపోకుండా వెలుగుతుంటేనే మనిషి దిగాలి. వీధి అంటే నడిచే దోవ మాత్రమే కాదు, దాని కింద ఊరి గింజలు ఉండేవి.

మా గండికోటలో జుమ్మా మసీదు దగ్గరే రాతి ధాన్యాగారం ఉంది. ఇటువైపొస్తే తప్పకుండా లోపల నిలబడి చూడు, కమానుల కింద ఎంత చల్లగా ఉంటుందో. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా ఉంది. మన సీమలో కట్టడం నేర్చిన వాళ్లు మొదట కట్టింది నీళ్లకు, గింజలకు.

నా మాట ఒక్కటే. మిద్దె మీద పండించడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. దాచుకోవడం, ఎండబెట్టుకోవడం, పంచుకోవడం కూడా తిండిలో భాగమే. మిద్దె మధ్యలో శుభ్రమైన బండపరుపు ఎండుకళ్లం ఒకటి వదులు. మే నెలలో తొట్లు ఖాళీగా ఉన్నా ఆ కళ్లం ఖాళీగా ఉండదు.

---

మిద్దెతోట_కర్నూలు | మంగళవారం, ఉదయం 7:40

మాస్టారూ, ఎండుకళ్లం మాట నాకు తట్టనే లేదు. మా మిద్దె మీద అందరూ వడియాలు పెట్టుకునేది వాటర్ ట్యాంకు స్లాబ్ మీదనే, నిచ్చెనెక్కి. పెద్దవాళ్లు ఎక్కలేరు కాబట్టి కొనుక్కుంటున్నారు. కోతులు రాకుండా పైన వల పరిచేలా నాలుగు మూలలా కొక్కేలు కూడా పెట్టించండి మేడమ్.

---

ఎర్రనేల (గార్లదిన్నె) | మంగళవారం, రాత్రి 8:30

అందరూ చదువుకున్నోళ్లు మాట్లాడుతున్నారు, రైతుగా నేను కూడా ఒక మాట చెప్పొచ్చా.

మిద్దె మీద తోటలు పెంచుకోండి, మంచిదే. పిల్లోళ్లకు తొట్టిలో చెనక్కాయ వేసి చూపించండి. పసుపు పువ్వు రాలినాక దాని అడుగు నుంచి ఊడ బయలుదేరి కిందికి వంగి మట్టిలో దిగుతుంది, కొన మీద కాయ కడుతుంది. మట్టి గట్టిపడితే ఊడ దిగదు, కాయ లేదు. ఆ రోజుల్లో వాన లేకపోతే మా ఇండ్లల్లో ఎట్లుంటుందో ఆ ఒక్క తొట్టి చూసినోడికి కొంచెం అర్థమైతుంది.

కానీ పది తొట్లు పెంచినంత మాత్రాన మాతో సంబంధం కలవదు అక్కా. మీ 30 ఇండ్లకు కావాల్సిన బియ్యం, బేడలు (పప్పులు), నూనె, చీనీ మిద్దె మీద పండవు. అవి మాలాంటోళ్ల దగ్గరే పండాలి. మేము పండించింది మీ దగ్గరికి వచ్చే దోవ ఎట్లుంది? చీనీ మండీకి తోలితే సూట్ పేరుతో టన్ను మీద ఇన్ని కిలోలు తరుగు తీస్తారు, ఆ పైన కమీషన్, హమాలీ. టమోటా ధర పడిపోతే కోత కూలి కూడా రాదు, చేలోనే వదిలేస్తాం. అదే రోజు టౌన్‌లో కిలో ఎంతకు కొంటున్నారో మీకే తెలుసు.

1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు మా నాయన మొదటిసారి సొంత తక్కెడతో అమ్మినాడు. కొనేటోళ్లు పేరు పెట్టి పిలిచేవాళ్లంట, "ఈసారి వంకాయ తక్కువ తెచ్చినావేంది" అని అడిగేవాళ్లంట. ఊరు పెరిగింది, కొత్త కాలనీలకు బజారు దూరమైంది. ఆటోలో తెచ్చి మీ గేటు దగ్గర పెడితే అడ్డం తీయమంటారు.

అందుకే అడుగుతున్నా. మీ ప్లానులో గేటు పక్కన మాకు ఒక పంచ గీయండి. ఆటో వెనక్కు పెట్టి మూటలు దించుకునేంత ఎత్తు అరుగు, పైన నీడ, ఒక కుళాయి. మిగిలిన కూర రాత్రికి పెట్టుకునేందుకు చల్లగుండే చిన్న గది. మీరు ఇంత చేస్తే చాలు.

---

మట్టిగోడ | మంగళవారం, రాత్రి 9:15

అన్నా, ఇది చదివి ఇప్పుడే గేటు డ్రాయింగు మళ్లీ తెరిచాను. అక్కడ వాచ్‌మన్ గది, చెత్త డబ్బాలు, ఒక ఫౌంటెన్ ఉన్నాయి. ఫౌంటెన్ తీసేస్తున్నా. రోడ్డు వైపు 12 అడుగుల పొడవు పంచ, రెండున్నర అడుగుల ఎత్తు అరుగు, పైన కడప బండ. లోపలివైపు నుంచి 30 ఇళ్ల వాళ్లు, బయటివైపు నుంచి వీధిలోవాళ్లు కొనుక్కోవచ్చు. గోడలో నీళ్లు తడిపే ఇటుకల గది ఒకటి కడతా. రెండు వరసల ఇటుక మధ్య ఇసుక, ఆ ఇసుకను తడిగా ఉంచితే లోపల చల్లబడుతుంది. గాలి పొడిగా ఉన్న మన ఊళ్లో అది బాగా పనిచేస్తుంది, కరెంటు అక్కర్లేదు.

---

బి_బ్లాక్_సెక్రటరీ | మంగళవారం, రాత్రి 10:00

ఇదైతే మా జనం కూడా ఒప్పుకుంటారు. తోట చూసుకునే తీరిక అందరికీ ఉండదు, కూరగాయలు అందరికీ కావాలి. రోజూ ఒకే టైముకు రైతు వస్తాడంటే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు కిందికి దిగుతారు, నాలుగు మాటలు మాట్లాడతారు. తోట సంగతికొస్తే ఒక సలహా: అమ్మకం పత్రాలు రాసే ముందే నియమావళిలో చేర్చండి. మడుల పట్టీ ఎవరిది, నీళ్ల సంపు ఎవరు చూడాలి, పండింది ఎలా పంచాలి, మాలి జీతం మెయింటెనెన్స్‌లో ఎంత అని. కొనేవాళ్లకు ముందే తెలిస్తే తర్వాత పేచీలు ఉండవు. మా దగ్గర అది లేకనే మాటలు ఆగిపోయాయి.

---

పిల్లర్_టు_పిల్లర్ | బుధవారం, ఉదయం 9:10

పంచ మీద స్లాబ్ వేస్తున్నారా, రేకులా? స్లాబ్ అయితే దాని మీద బీర, కాకర పాకించే పందిరికి బరువు లెక్క కలుపుకుంటా. పందిరికి పెద్ద బరువుండదు గానీ గాలి ఎత్తేస్తుంది, పునాది బోల్టులు కావాలి. స్తంభాల డ్రాయింగు పంపండి, ఇలాంటి పనికి ఫీజు తీసుకోను.

ఇంకో మాట. లేఅవుట్లలో పది శాతం ఖాళీ స్థలం వదలాలని నియమం ఎలాగూ ఉంది. ఎక్కువచోట్ల అది ముళ్లకంపతో నిండి ఉంటుంది, లేకపోతే సిమెంటు బెంచీల పార్కు. మీ లేఅవుట్ పార్కులో కనీసం చింత, వేప, నేరేడు, ఉసిరి, మునగ పెట్టమని అడగండి. కాయలు తినే చెట్టు కింద పిల్లలు ఎక్కువసేపు ఉంటారు.

---

జమ్మలమడుగు_మాస్టారు | బుధవారం, ఉదయం 11:30

చెరువు కింద పొలాలు ప్లాట్లు కాకుండా నిలబెట్టడం కూడా ప్లాన్లు గీసేవాళ్ల పనే నాయనా. ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆయన తోటల నగరం (గార్డెన్ సిటీ) ఆలోచనను 1898లో ప్రతిపాదించి, 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు మొదలుపెట్టినప్పుడు చుట్టూ పొలాల పట్టీ ఉండాలని ముందే నిర్ణయించారు. మన ఊళ్లకు ఆ పట్టీ చెరువులు ఇచ్చి పెట్టాయి. ఆయకట్టు పోయిందంటే పక్కనే పండే వరి ఉండదు, వానొస్తే నీళ్లు కాలనీల్లోకి వస్తాయి. మాస్టర్ ప్లాను మీద అభ్యంతరాలు అడిగినప్పుడు మీలాంటి ఆర్కిటెక్టులు రాతపూర్వకంగా ఇవ్వాలి. మాలాంటి వాళ్లం సంతకాలు పెడతాం.

---

మట్టిగోడ | బుధవారం, రాత్రి 8:45

తప్పకుండా ఇస్తా మాస్టారూ. ముసాయిదా రాసి ఇక్కడే పెడతా, అందరూ చూసి మార్పులు చెప్పండి.

ఇప్పటికి ప్లానులోకి వచ్చినవి: స్తంభాల మీదుగా మడుల పట్టీలు, మధ్యలో బండపరుపు ఎండుకళ్లం, పైన కుళాయి, పనిముట్ల గది, షేడ్ నెట్ కొక్కేలు, కింద వాన నీళ్ల సంపు, గేటు పక్కన పంచ, తడి ఇటుకల గది. పెద్దవాళ్లు మడుల దగ్గరికి వెళ్లేలా లిఫ్టును మిద్దె దాకా తీసుకెళ్తున్నా. మామూలుగా ఖర్చని చివరి అంతస్తులోనే ఆపేస్తారు. దీనికి ఓనరు ఇంకా ఒప్పుకోలేదు, ఆదివారం వెళ్లి కూర్చుంటా.

ఎర్రనేల అన్నా, పంచకు ఇంకేమన్నా కావాలా? గీసేయకముందే చెప్పు.

---

ఎర్రనేల (గార్లదిన్నె) | బుధవారం, రాత్రి 9:20

కావాలక్కా, రెండు. ఒకటి, మా ఇంటామె కూడా వస్తుంది అమ్మడానికి. పొద్దున నాలుగింటికి బయలుదేరి మధ్యాహ్నం దాకా ఉండాలంటే ఆడోళ్లకు బాత్రూం కావాలి. వాచ్‌మన్‌కు కట్టేదే మాకూ తీయండి, తాళం వేసిపెట్టకుండా. రెండు, తక్కెడకు ప్లగ్ పాయింటు. ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ తక్కెడలే, చార్జింగ్ అయిపోతే అమ్మకం ఆగిపోతుంది.

మంగళ, శుక్రవారాలు నేను వస్తా. మా ఊర్లో ఆకుకూరలు వేసే ఇంకో ఇద్దరికి చెప్తా, వాళ్లు మిగతా రోజులు చూసుకుంటారు. ఇండ్లలోకి జనం ఎప్పుడు దిగుతారో చెప్పండి, దాన్ని బట్టి గోరుచిక్కుడు ఎంత వేయాలో చూసుకుంటా.